పంది గుండె దాకా మందు చేర్చడానికి నేను పడ్డ పాట్లు

గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివిన ఐదేళ్లలో గేదెలకు చూడి పరీక్షలు చేశాను, మేకలకు కాన్పులు చేశాను, ఒకసారి మోకాలి లోతు బురదలో నిలబడి ఎద్దుకు కుట్లు కూడా వేశాను, కానీ పందికి మత్తిచ్చి గొంతులో ట్యూబు వేయడం మాత్రం అమెరికా వచ్చాకే నేర్చుకున్నా. అది అనుకున్నంత తేలిక కాదు. మూతి పొడుగు, నోరు సరిగ్గా తెరుచుకోదు, గొంతు దగ్గర దారి వంకర తిరిగి ఉంటుంది. మొదటి నెలలో నేను వేసిన ట్యూబుల్లో సగం ఊపిరితిత్తుల్లోకి కాకుండా పొట్టలోకి పోయాయి. మా సీనియర్ టెక్నీషియన్ పక్కనే నిలబడి ఏమీ అనకుండా చూస్తుండేవాడు. తిట్టినా బాగుండేది.

ఇదంతా ఎందుకంటే, నేను పనిచేసే ల్యాబులో గుండె కండరానికి జన్యువును చేర్చే పద్ధతుల మీద పరిశోధన జరుగుతుంది. ఎలుకలో పనిచేసిన మందు మనిషి దాకా రావాలంటే మధ్యలో ఒక పెద్ద జంతువు కావాలి, సైజులోనూ రక్తనాళాల అమరికలోనూ పంది గుండె మన గుండెకు బాగా దగ్గర. ల్యాబు పేరూ ఊరి పేరూ రాయను, మా జన్యువు ఏదో కూడా చెప్పను, పేపరు ఇంకా రాలేదు. చేరిన కొత్తలో నాకు జన్యువే అసలు మందు అనీ, దాన్ని గుండెలోకి పంపడం ఏదో కొరియర్ లాంటి చిన్న పని అనీ ఉండేది. మూడేళ్లయింది. జన్యువులో ఒక్క అక్షరం మారలేదు. మూడేళ్లూ దారి వెతకడానికే పోయాయి.

మా ఇంట్లో ఈ విషయానికి వేరే లెక్క ఉంది. మా చిన్నాన్న 46 ఏళ్లకే, ఒక మధ్యాహ్నం శనగ చేలోంచి వచ్చి మంచం మీద పడుకుని మళ్లీ లేవలేదు. గుండెపోటు అనుకున్నాం అందరం. చాలా ఏళ్ల తర్వాత ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఆఫీసు వాళ్ల హెల్త్ చెకప్‌లో ఎకో తీయించుకుంటే, గుండె గోడ ఉండాల్సినదానికన్నా చాలా మందంగా ఉందన్నారు. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. జీన్ టెస్టు చేయిస్తే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో తప్పు దొరికింది, ఆ తప్పు వల్ల ప్రొటీన్ తయారీ సగంలోనే ఆగిపోతుంది. ఆ జన్యువు పేరు మన దగ్గర కొత్తదేమీ కాదు. దానిలోనే 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన ఒక రూపం మన దేశంలో వందలో దాదాపు నలుగురికి ఉంటుందని 2009లో ఒక పెద్ద పరిశోధన చెప్పింది, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్నారు అందులో. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు వస్తుందని కాదు, చాలామంది ఏ ఇబ్బందీ లేకుండానే మనవళ్లను ఎత్తుకుంటారు. మా తమ్ముడిది ఆ రూపం కాదు, అంతకన్నా గట్టి తప్పు. అప్పటినుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ వాడిది ఒకటే ప్రశ్న: "అక్కా, ఆ జీన్ ఇంజెక్షన్ నాకెప్పుడు వేస్తారు?"

వేయాల్సిన మందు ఒక వైరస్‌లో కూర్చుని వస్తుంది. దాన్ని ఏఏవీ అంటారు. 1965లో వేరే వైరస్ మీద పనిచేస్తున్నవాళ్లకు దాని మధ్యలో కల్తీ సరుకులా కనబడింది, ఇది ఒక్కటే వచ్చి మనిషికి జబ్బు చేసినట్టు తెలియదు కాబట్టి తర్వాత వాహనంగా పనికొచ్చింది. లోపల ఉన్న దాని సొంత జన్యువులు తీసేసి మనకు కావాల్సింది పెడతాం. దాని వ్యాసం సుమారు 25 నానోమీటర్లు, పట్టే సరుకు దాదాపు 4,700 అక్షరాలు. మా తమ్ముడికి కావాల్సిన జన్యువు పొడవు 3,800 దాకా ఉంటుంది, జన్యువును పనిచేయించే స్విచ్చు లాంటి అదనపు భాగాలతో కలిపి ఇరుక్కుని ఇరుక్కుని పడుతుంది. గుండె జబ్బుల్లో తరచూ వినబడే టైటిన్ జన్యువుకైతే దాదాపు లక్ష అక్షరాలు, అది ఈ ఆటోలో ఎక్కదు.

ఎలుకకైతే తోకలో సూది పెట్టి ఏఏవీ9 రకం ఎక్కిస్తే చాలు, కొన్ని వారాలకు గుండె మొత్తం పచ్చగా వెలుగుతుంది (వెలిగే ప్రొటీన్ జన్యువు పెడితే). ఆ ఫొటోలు చూసే నేను ఈ ల్యాబులో చేరాను. ఎలుక బరువు 25 గ్రాములు. మా పంది 30 కిలోలు.

పందిని కొనేముందే ఒక తతంగం ఉంది. ఏఏవీ ప్రకృతిలో తిరిగే వైరసే కాబట్టి మనుషుల్లాగే పందుల్లోనూ దానికి యాంటీబాడీలు ముందే ఉండొచ్చు. అవి ఉంటే మనం ఎక్కించిన మందు రక్తంలోనే చచ్చిపోతుంది. అందుకని ఫారం నుంచి ముందు రక్తం తెప్పించుకుని పరీక్ష చేసి, బాగున్నవాటినే తీసుకోవాలి. సంబంధాలకు జాతకాలు చూసినట్టు నేను వారంవారం పందుల రిపోర్టులు చూసేదాన్ని, పది చూస్తే నాలుగు కలిసేవి. అమ్మకు ఈ పని గురించి చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇంటికి రాగానే తలస్నానం చేసి దీపం పెట్టుకో" అంది. అంతకుమించి అడగలేదు.

మొదట మేం పట్టుకున్న దారి అందరూ పట్టుకునేదే, కరోనరీ ధమనుల్లోంచి. యాంజియోగ్రామ్ చేసేటప్పుడు తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి క్యాథెటర్ గుండె దాకా తీసుకెళ్తారు కదా, అదే దారి. గుండెకు రక్తం ఎటునుంచి వస్తుందో అటునుంచే మందు పంపడం, వినడానికి ఎంత న్యాయంగా ఉంటుంది! రాత్రి నుంచి మేత ఆపి, పొద్దున్నే మెడ దగ్గర మత్తు సూది, చెవి నరంలో లైను, గొంతులో ట్యూబు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, తర్వాత ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ ఎడమ కరోనరీ మూతి పట్టుకోవడం. అప్పుడు పంపు పెట్టి పదిపదిహేను నిమిషాలు నెమ్మదిగా వదలాలి. ఇక్కడే ఒక తిరకాసు కూడా తెలిసింది. ఏఏవీలో 2వ రకానికి హెపారిన్ అంటే తెగ మోజు, అతుక్కుపోతుంది. క్యాథెటర్ పెట్టాలంటే హెపారిన్ తప్పదు, హెపారిన్ ఉంటే ఆ రకం వైరస్‌తో పనవదు. వైరస్ రకం ఎంచుకోవడం కూడా సగం దారిని బట్టే అని నాకు తలకెక్కింది అప్పుడే.

మూడో పంది చనిపోయింది. పంది గుండె చాలా చపలం, క్యాథెటర్ కొస ధమని గోడకు కాస్త గట్టిగా తగిలితే చాలు, లయ తప్పి గిలగిల కొట్టుకోవడం మొదలవుతుంది. షాకులిచ్చాం, ఛాతీ నొక్కాం, నలభై నిమిషాలు. బతకలేదు. ఆ రోజు మందు ఇంకా ఐస్ మీదే ఉంది, సిరంజిలోకి కూడా తీయలేదు. మధ్యాహ్నం నేను కార్లో కూర్చుని పెరుగన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను.

ఆ తర్వాత బతికినవాటిలో, నాలుగు వారాలు ఆగి, గుండె బయటికి తీసి వంకాయను చక్రాలుగా కోసినట్టు అడ్డంగా కోసి, ఒక్కో చక్రాన్ని మళ్లీ ముక్కలు చేసి, ముక్కకో నంబరు వేసి, డీఎన్ఏ తీసి, కణానికి మన జన్యువు ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. ఒక గుండెకు మూడు రోజులు పట్టింది. కొన్ని ముక్కల్లో కాస్త ఉంది. చాలా ముక్కల్లో మిషను లెక్క, అసలు మందే ఎక్కించని పంది లెక్కకూ దీనికీ తేడా చూపించలేదు. కంప్యూటర్ తప్పేమోనని మళ్లీ చేశాను. తప్పు కాదు.

ఎందుకలా అంటే, కరోనరీల్లో రక్తం ఊరికే నిలబడి ఉండదు. మనిషిలో గుండె నిమిషానికి పంపే ఐదు లీటర్లలో దాదాపు ఐదు శాతం, అంటే పావు లీటరు, దాని సొంత కండరానికి పోతుంది. మందు ఆ ప్రవాహంలో పడి కొన్ని సెకన్లలో కేశనాళికలు దాటి సిరల్లోకి, అక్కడినుంచి ఒళ్లంతా, చివరికి కాలేయంలోకి. కేశనాళిక గోడ దాటి పక్కనే ఉన్న కండర కణంలోకి పోవడానికి వైరస్‌కు దొరికే సమయం రైలు ఆగని స్టేషన్లో దిగడం లాంటిది.

నాన్నకు ఇది ఫోన్లో చెప్పబోతే నాకన్నా ముందే ఆయన అందుకున్నాడు. మాది ప్రకాశం జిల్లాలో సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు. "అమ్మాయ్, మెయిన్ కాలవలో నీళ్లు నిండుగా పోతుంటయ్యి. మన తూము కాడికి వచ్చేసరికి ఏముంటయ్యి? కాలవ పారిందా అని కాదు, చేను తడిసిందా అని చూడాల." మా ల్యాబులో చాలాకాలం పాటు అందరం కాలువ పారిందా అనే చూశాం. తెర మీద రంగు మందు కొమ్మకొమ్మకూ పాకుతుంటే ఎంత అందంగా ఉంటుందో.

మనుషుల్లోనూ ఇదే జరిగింది. క్యూపిడ్ అని ఒక ట్రయల్. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు సెర్కా2ఏ అనే జన్యువు, కణంలో కాల్షియాన్ని తిరిగి గోదాములోకి తోడే పంపు అది, ఏఏవీ1లో పెట్టి కరోనరీల్లోంచి ఇచ్చారు. చిన్న ట్రయల్‌లో ఆశ పుట్టింది, 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రత్యేక హోదా కూడా ఇచ్చింది, తర్వాత 250 మందితో పెద్దది చేస్తే 2015 ఏప్రిల్‌లో ఏమీ తేడా లేదని తేలింది. చనిపోయినవాళ్లవీ గుండె మార్పిడి అయినవాళ్లవీ కండరం తీసి చూస్తే మందు జాడ చాలా తక్కువ. ట్రయల్‌కు వచ్చినవాళ్లలో సగానికి పైగా మందిని యాంటీబాడీలున్నాయని ముందే వెనక్కి పంపించారు కూడా. ఆ పేపర్లు నేను చేరకముందే చదివాను. చదివినప్పుడు అది ఒక ఫెయిలైన మందు కథ అనుకున్నాను. నా మూడు రోజుల లెక్క అయ్యాక మళ్లీ చదివితే, ఆ మందు మంచిదో చెడ్డదో అసలు పరీక్షే జరగలేదనిపించింది, అది చేరలేదు కదా.

మా సొంత తెలివితక్కువ కూడా ఒకటి చెప్పుకోవాలి. ఒక వారం ఫలితాలు మరీ అన్యాయంగా వచ్చాయి. ఎవరో అన్నారు, క్యాథెటర్ చివర బయటికొచ్చేది కొలిచారా అని. కొలవలేదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లోంచి తీసిన మందును కొలిచాం, పంది గుండెను కొలిచాం, మధ్యలో మీటరున్నర ప్లాస్టిక్ గొట్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వైరస్ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. మందు ద్రావణంలో కాస్త ప్లూరోనిక్ అనే సబ్బు లాంటి పదార్థం కలిపితే అంటుకోదు, ఆ బ్యాచ్‌లో అది కలపడం మర్చిపోయింది ఎవరో కాదు, నేనే. చీటీ మీద నా సంతకం ఉంది. ఆ బ్యాచ్ తయారవడానికి రెండు నెలలు పట్టింది. మీటింగులో చెప్పేటప్పుడు నా గొంతు ఎండిపోయింది, మా ప్రొఫెసర్ మాత్రం "ఇప్పటినుంచి ప్రతి గొట్టం చివరా కొలుద్దాం" అని రాసుకుని తర్వాతి విషయానికి వెళ్లిపోయింది. టెన్షన్ అంతా నాకే.

తర్వాత వెనకదారి పట్టాం. రక్తం గుండె కండరంలోంచి బయటికొచ్చే పెద్ద సిర ఒకటుంటుంది, కరోనరీ సైనస్. మెడ దగ్గరి సిరలోంచి క్యాథెటర్ దాని దాకా తీసుకెళ్లి, అక్కడ చిన్న బెలూన్ ఉబ్బించి దారి మూసి, మందును ప్రవాహానికి ఎదురు తోస్తారు. ఇలా చేస్తే మందు కేశనాళికల్లో ఎక్కువసేపు నిలబడుతుంది, కాస్త ఒత్తిడి కూడా ఉంటుంది కాబట్టి గోడ దాటే అవకాశం పెరుగుతుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ వాళ్లు 2011లో పందుల మీద ఈ దారినే ఎస్100ఏ1 అనే జన్యువు ఇచ్చి మంచి ఫలితం చూపించారు. నాన్నకు చెబితే "వాగులో ఇంజను పెట్టి ఎదురు నీళ్లు ఎక్కిస్తంలా, అంతేగా" అన్నాడు. అంతే, నిజానికి.

కాకపోతే పందిలో ఒక పేచీ ఉంది, మనిషిలో అది ఉండదు. పందికి ఎడమవైపు ఎజైగస్ అనే ఇంకో సిర వచ్చి సరిగ్గా ఈ కరోనరీ సైనస్‌లోనే కలుస్తుంది. అది మూయకుండా మందు తోస్తే, మందు కండరంలోకి పోయే బదులు ఆ పక్కదారిలో జారిపోతుంది, గండి పడ్డ కాలువ లాగా. మొదటిసారి మాకు తెలియదు. తెర మీద రంగు మందు గుండెను వదిలేసి వెన్ను వైపు పాకుతుంటే నేనూ మాతో పనిచేసే గుండె డాక్టరూ (కార్డియాలజీ ఫెలో) ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పశువైద్యం చదివినదాన్ని, ఈ సిర సంగతి అనాటమీలో చదివే ఉంటాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చే ఉంటాయి. అది మూశాక లెక్కలు నిజంగానే మెరుగయ్యాయి, ముఖ్యంగా ముందు గోడలో. ఒకసారి ఆశకు పోయి ఒత్తిడి ఎక్కువ పెట్టాం, గుండె మీద అక్కడక్కడ రక్తం చిమ్మి కమిలిపోయింది. ఆ ఒత్తిడి గీత ఎక్కడ గీయాలో ఇప్పటికీ రెండు వర్గాలుగా వాదించుకుంటున్నాం.

"ఇంత తిప్పలెందుకు, సూదితో నేరుగా గుండెలోనే పొడవొచ్చు కదా" అని తమ్ముడు అడిగాడు. పొడిచాం. పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి, కొట్టుకుంటున్న గుండె మీద సన్నటి సూదితో, ఒక్కోచోట బొట్టు బొట్టు. గుచ్చిన ప్రతిసారీ ఈసీజీ గీతలో ఒక అడ్డదిడ్డపు గంతు కనబడుతుంది, చూస్తుంటే మనకూ ఒక దెబ్బ తగిలినట్టుంటుంది. ఈ దారిలో పెద్ద లాభం, యాంటీబాడీలున్న రక్తాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు, మందు కూడా తక్కువ సరిపోతుంది. నష్టం కోసి చూస్తేనే తెలుస్తుంది. సూది దిగిన చోట ప్రతులు దండిగా, దానికి కొన్ని మిల్లీమీటర్ల అవతల ఏమీ లేదు. పైగా సూది తీయగానే గుండె బిగుసుకుని మందులో కొంత వెనక్కి చిమ్మేస్తుంది, నా గ్లవ్స్ మీదే చూశాను. ఎడమ జఠరిక ఒక్కదాంట్లోనే కండర కణాలు 200 కోట్లకు పైగా ఉంటాయంటారు. మిరప నాటినప్పుడు చెంబుతో మొక్క మొదట్లో నీళ్లు పోసినట్టు ఎన్నిచోట్ల పోస్తాం?

అయితే గుండెలో ఒక భాగానికే రక్తం సరిపోనివాళ్లకు ఇది పనికొచ్చే దారే. 1998లోనే బోస్టన్‌లో ఐదుగురు పేషెంట్లకు కొత్త రక్తనాళాలు మొలిపించే వీఈజీఎఫ్ జన్యువును ఇలా నేరుగా ఇచ్చారు. 2023లో వచ్చిన ఇంకో ట్రయల్ ఫలితాల్లో వైరసే లేకుండా, అదే ప్రొటీన్ తాలూకు ఎంఆర్ఎన్ఏను బైపాస్ ఆపరేషన్ చేస్తూనే ఒక్కో గుండెలో 30 చోట్ల ఇంజెక్ట్ చేశారు. మా తమ్ముడి లాంటి జబ్బులో మాత్రం ప్రతి కణంలోనూ తప్పు ఉంది, 30 చోట్లు ఏ మూలకి?

నేరుగా పొడిచే దారి గురించి చెప్పేటప్పుడు నాకు నిద్రపట్టనివ్వని పేపరు ఒకటుంది. 2019లో, గుండెపోటు తెప్పించిన పందులకు కండర కణాలు మళ్లీ పెరిగేలా చేసే ఒక మైక్రోఆర్ఎన్ఏను (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్ఎన్ఏ ముక్క) ఏఏవీ6లో పెట్టి గుండెలో ఇంజెక్ట్ చేశారు. నెల రోజులకు మచ్చ తగ్గింది, గుండె బలంగా కొట్టుకుంది, అద్భుతం. తర్వాత వాటిలో చాలా పందులు ఉన్నట్టుండి లయ తప్పి చనిపోయాయి. మందు చేరింది, పనిచేసింది, ఆపడానికే స్విచ్చు లేదు. చేరకపోవడం గురించి ఏడ్చి ఏడ్చి, చేరితే ఏమవుతుందో చూసుకోవాలన్న సంగతి నేను సగం మర్చిపోయాను, ఈ పేపరే గుర్తుచేసింది.

ఇక మిగిలింది ఎలుక దారే, అంటే మామూలు సెలైన్ పెట్టినట్టు చేతి నరంలోంచి ఎక్కించడం. ఆపరేషన్ లేదు, క్యాథెటర్ లేదు, పంది గిలగిల లేదు. గుండె అంతటా సమానంగా పోయేది కూడా ఇదే, నా లెక్కల్లో కూడా చక్రం చక్రానికీ తేడా తక్కువ వచ్చింది ఇందులోనే. సరిపడా చేరాలంటే మాత్రం డోసు చూసి కళ్లు తిరగాలి. క్యూపిడ్‌లో ఒక మనిషికి మొత్తం ఇచ్చింది పది లక్షల కోట్ల వైరస్ కణాలు. డానన్ అనే అరుదైన గుండె జబ్బుకు ఏఏవీ9ను నరంలోంచి ఇచ్చిన ట్రయల్‌లో తక్కువ డోసే కిలో బరువుకు 67 లక్షల కోట్లు, ఎక్కువ డోసు 110 లక్షల కోట్లు. కొలిచే పద్ధతులు అటూఇటూ అయినా, రాష్ట్ర బడ్జెట్ వార్తలు చదివి పెరిగినదాన్ని కాబట్టి నాకు ఆ అంకెలు నోటికొచ్చాయిగానీ మా ఫెలో ప్రతిసారీ సున్నాలు లెక్కపెట్టుకుంటాడు.

ఆ సరుకులో పెద్ద భాగం కాలేయం మింగేస్తుంది. నా పందుల్లో కాలేయం ముక్కలో కనబడిన ప్రతుల ముందు గుండె ముక్క చాలా పేదరాలు. స్విచ్చును గుండె కండరంలోనే వెలిగేలా పెట్టొచ్చు, ట్రోపోనిన్ జన్యువు స్విచ్చు అందుకే వాడతాం, కాలేయంలో జన్యువు చేరినా పనిచేయకుండా పడుంటుంది. కానీ శరీరానికి కనబడేది జన్యువు కాదు, దాని మీదున్న వైరస్ తొడుగు. అన్ని లక్షల కోట్ల తొడుగులు ఒక్కసారి రక్తంలోకి వస్తే రోగనిరోధక వ్యవస్థ ఊరుకోదు, అందుకే ముందునుంచే స్టెరాయిడ్లూ ఇంకా గట్టి మందులూ ఇచ్చి దాన్ని అణచాలి. డానన్ ట్రయల్ మొదటి దశ ఫలితాలు 2024 నవంబర్‌లో వచ్చినప్పుడు మా ల్యాబులో కేకు కోశారు, నిజంగానే, పేషెంట్ల గుండె గోడ మందం తగ్గింది, తేలిగ్గా తిరుగుతున్నారు. 2025 మే నెలలో రెండో దశలో ఒక పేషెంటు రక్తనాళాలు కారిపోయే రియాక్షన్ వచ్చి చనిపోవడంతో ట్రయల్ ఆపేశారు. ఆగస్టులో డోసు కిలోకి 38 లక్షల కోట్లకు తగ్గించి మళ్లీ మొదలుపెట్టడానికి అనుమతి ఇచ్చారు. మే నెల వార్త వచ్చిన రోజు మా గదిలో ఎవరూ కాఫీకి లేవలేదు.

ఇప్పుడు మా పని తొడుగు మార్చడం వైపు తిరిగింది, కాలేయానికి రుచించకుండా కండరానికే అంటుకునే తొడుగుల కోసం. ప్రపంచమంతా అదే పనిలో ఉంది. క్యూపిడ్ దారిలోనే, కరోనరీల్లోంచే, తొడుగు మార్చి వేరే జన్యువుతో ఇంకో ట్రయల్ రెండో దశలో నడుస్తోంది. ఎలుకలో గెలిచిన తొడుగు పందిలో గెలవాలని లేదు, నా ఫ్రీజర్‌లో అలాంటి ఓడిపోయిన విజేతలు ఒక అర నిండా ఉన్నారు.

తమ్ముడి జన్యువుకే ఇప్పుడు మనుషుల మీద ట్రయల్ ఉంది. టెనాయా అనే కంపెనీది, నరంలోంచి, కిలోకి 30 లక్షల కోట్లు, 60 లక్షల కోట్లు అనే రెండు డోసులతో 2023లో మొదలైంది. వాడు ఆ వార్త నాకన్నా ముందు చదివాడు. అర్ధరాత్రి ఫోన్ చేసి, నేను అమెరికా వస్తా, నువ్వు మాట్లాడు అన్నాడు. ట్రయల్లో చేర్చుకునేది నేను కాదనీ, డాక్టర్‌తో మాట్లాడాలనీ చెప్పి, వాడు చదవని ముక్క ఒకటి చెప్పాను. ఒరేయ్, ఇది ఒకసారి వేయించుకుంటే ఒంట్లో ఆ వైరస్‌కు యాంటీబాడీలు గోడ కట్టేస్తాయి. రెండేళ్లకో ఐదేళ్లకో ఇంతకన్నా మంచి దారి, ఇందులో పదో వంతు డోసుతో సరిపోయేది వస్తే అప్పుడు నీకు వేయడం కుదరకపోవచ్చు. నీ దగ్గరున్న టికెట్టు ఒకటే. ఇవాళ ఊపిరాడక ఇబ్బంది పడేవాడైతే ఆ టికెట్టు ఇప్పుడే వాడాలనుకోవడంలో తప్పులేదు, వాళ్లకు ఆగే టైము లేదు. నువ్వు రోజూ మూడంతస్తులు ఎక్కి ఆఫీసుకు పోతున్నావు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, నీకైతే ఏ దారిలో వేయించుకుంటావు?" అన్నాడు.

ఇవాళ్టికైతే ఏదీ కాదు అన్నాను. వెనకదారి మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, అది నేను ఎక్కువ కష్టపడ్డ దారి కాబట్టి అయి ఉండొచ్చు. మూడేళ్లు పందుల గుండెలు కోసి లెక్కపెట్టినదాన్ని ఇంతకన్నా గట్టి జవాబు చెప్పలేకపోయానని ఫోన్ పెట్టాక చాలా సిగ్గేసింది.

పెట్టేముందు ఇంకో మాట అడిగాను, పాపకి ఎకో తీయించావా అని. రెండేళ్లుగా అడుగుతున్నా, ఇలాంటి జబ్బు తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం, చూపించుకుంటూ ఉండాలి. ఏదో ఒకటి చెప్పి దాటేస్తుంటాడు, పరీక్షలనీ, వేసవి సెలవులనీ. ఎందుకు దాటేస్తున్నాడో నాకు తెలుసు.

మొన్న శనివారం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. కాగితం మడతలు పడి ఉంది, చాలాసార్లు విప్పి చూసినట్టు. తొమ్మిదేళ్ల పాప, గోడ మందం 6 మిల్లీమీటర్లు, కింద నార్మల్ అని ఉంది. జీన్ టెస్టు కూడా చేయించి, ఏడాదికోసారి ఇది మళ్లీ తీయిస్తూ ఉండు అని రాశాను. సరే అక్కా అని ఒక్క ముక్క పెట్టాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, మంగళవారానికి రావాల్సిన పంది రక్తం రిపోర్టు తెరిచాను.